మెక్‌గిన్నిస్ ఫెర్రీ రోడ్డుకు ఇటూ అటూ: జార్జియా 48వ సెనేట్ నియోజకవర్గం కథ

అట్లాంటాకు ఉత్తరాన ఉండే తెలుగువాళ్ళకి మెక్‌గిన్నిస్ ఫెర్రీ రోడ్డు గురించి చెప్పక్కర్లేదు. రోడ్డుకు దక్షిణం వైపు జాన్స్ క్రీక్, ఫుల్టన్ కౌంటీ. ఉత్తరం వైపు ఫోర్సైత్ కౌంటీ. ఇల్లు కొనేముందు మనవాళ్ళు ఈ రోడ్డు దగ్గరే నెలల తరబడి తర్జనభర్జన పడతారు. ఇటు కొంటే ఏ హైస్కూలు, అటు కొంటే ఏ హైస్కూలు, ప్రాపర్టీ టాక్స్‌లో తేడా ఎంత, హెచ్‌ఓఏ (కాలనీ సంఘం రుసుము) ఎంత కట్టాలి. ఏ సందు ఏ ఎలిమెంటరీ స్కూలు కిందికి వస్తుందో మ్యాపు చూడకుండా చెప్పేవాళ్ళు ప్రతి బర్త్‌డే పార్టీలోనూ ఇద్దరు ముగ్గురు తగులుతారు.

అక్కడే "మీ స్టేట్ సెనేటర్ ఎవరండీ?" అని అడిగి చూడండి. చాలామంది వాషింగ్టన్‌లో ఉండే అమెరికా సెనేటర్ పేరు చెబుతారు. నేనూ చాలా ఏళ్ళు అదే చెప్పేవాణ్ణి. స్కూలు సరిహద్దులు నోటికి వచ్చిన మనిషికి, ఆ స్కూలుకి ఎంత డబ్బు రావాలో తేల్చే సభలో తన తరఫున కూర్చున్నది ఎవరో తెలియలేదు. తెలుసుకుందామని మొదలుపెడితే ఎన్నికల కంటే ముందు రెండు పెద్ద విషయాలు అడ్డం వచ్చాయి. మనల్ని ఎవరు లెక్కపెడతారు, మన ఇంటి చుట్టూ గీత ఎవరు గీస్తారు అనేవి. ఓటు ఆ రెంటి తర్వాత వస్తుంది. ఈ వ్యాసం ఆ వరస గురించే.

సెనేట్ అనగానే మనకు ఆంధ్ర, తెలంగాణల్లోని శాసనమండలి గుర్తొస్తుంది. పోలిక అంతవరకే. మన మండలికి ఎమ్మెల్యేల కోటా, స్థానిక సంస్థల కోటా, పట్టభద్రులు, ఉపాధ్యాయులు, గవర్నర్ నామినేషన్లు ఉంటాయి. సామాన్య ఓటరు నేరుగా పంపే సభ కాదు. జార్జియా స్టేట్ సెనేట్‌కి 56 మందినీ జనమే నేరుగా ఎన్నుకుంటారు. కింది సభలో 180 మంది. రెండు సభలకూ రెండేళ్ళకోసారి, సరి సంవత్సరం నవంబరులో ఎన్నికలు. ఏటా జనవరి రెండో సోమవారం సమావేశాలు మొదలై 40 పనిదినాలు నడుస్తాయి. ఆ 40 రోజుల్లోనే బడ్జెట్టూ, స్కూళ్ళ నిధులూ, రోడ్లూ, ఎన్నికల నియమాలూ తేలిపోవాలి.

మనింటికి తగిలే ఉదాహరణ ఒకటి చెబుతాను. హోప్ స్కాలర్‌షిప్ 1993 నుంచి లాటరీ డబ్బుతో నడుస్తోంది. హైస్కూల్లో బాగా చదివిన జార్జియా పిల్లలకి రాష్ట్రంలోని కాలేజీల్లో ఫీజు భారం తగ్గించే పథకం. పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి వస్తుంది. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా ఫోర్సైత్ స్కూళ్ళలోనే చదివి, క్లాసులో ముందు వరసలో నిలిచిన పిల్ల హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉంటే రాదు. ఆ తల్లిదండ్రులు ఇక్కడే పన్నులు కడుతూ ఉంటారు. గ్రీన్‌కార్డు ఆలస్యం వాషింగ్టన్ చేతిలో ఉంది, నిజమే. కానీ రాష్ట్రం డబ్బుతో నడిచే స్కాలర్‌షిప్పు ఎవరికి ఇవ్వాలన్న నిబంధన రాసేది అట్లాంటా నడిబొడ్డున బంగారు రేకు గుమ్మటం కింద కూర్చునే ఈ రెండు సభలే.

ఒక నియోజకవర్గం కాళ్ళకింద నేల కదిలిన వైనం

48వ సెనేట్ నియోజకవర్గం చాలాకాలం రిపబ్లికన్లది. డేవిడ్ షేఫర్ అక్కడి సెనేటరు. 2018లో ఆయన లెఫ్టినెంట్ గవర్నర్ (రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి పదవి) కోసం పోటీపడి సీటు వదులుకున్నారు. ఆ ఏడాది డెమొక్రాట్ జాహ్రా కరీన్‌షాక్ గెలిచారు. రెండేళ్ళకే ఆమె వాషింగ్టన్‌లోని అమెరికా కాంగ్రెస్ సీటుకి పోటీకి వెళ్ళడంతో 2020లో మళ్ళీ ఈ సీటు ఖాళీ. అప్పుడు డెమొక్రాటిక్ పార్టీ తరఫున డాక్టర్ మిషెల్ ఔ, రిపబ్లికన్ల తరఫున న్యాయవాది మాట్ రీవ్స్ నిలబడ్డారు. ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చే డాక్టరమ్మ మిషెల్ ఔ. చైనా నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ. ఆమె గెలిచి, జార్జియా సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి ఆసియా సంతతి మహిళ అయ్యారు.

ఆ గెలుపు వెనక ఆ ప్రాంతం మారిన తీరు ఉంది. జాన్స్ క్రీక్ నుంచి గ్విన్నెట్ కౌంటీ దాకా పరుచుకున్న ఆ నియోజకవర్గంలో కొరియా, చైనా, భారత కుటుంబాలు ఇరవై ఏళ్ళలో బాగా పెరిగాయి. సభలో అలాంటి మనిషి ఒకరుంటే ఏమవుతుందో 2021 మార్చిలో కనిపించింది. ఆసియా వాళ్ళ మీద దాడులు పెరుగుతున్నాయని, దీన్ని పట్టించుకోండని మార్చి 15న మిషెల్ ఔ సెనేట్‌లో నిలబడి మాట్లాడారు. మర్నాడు, మార్చి 16న, అట్లాంటా పరిసరాల్లోని స్పాలలో ఒక దుండగుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వాళ్ళలో ఆరుగురు ఆసియా సంతతి ఆడవాళ్ళు. ముందురోజు ఆమె అన్న మాటల్ని అప్పుడు దేశమంతా వింది. ఆ బాధని రికార్డుల్లోకి ఎక్కించే మనిషి ఆ సభలో ఆ రోజుకి ఉన్నారు. ప్రాతినిధ్యం అన్న మాటకి నాకు తెలిసిన అర్థం ఇదే.

అదే ఏడాది 2020 జనాభా లెక్కలు చేతికొచ్చాయి. లెక్కలు రాగానే నియోజకవర్గాలు కొత్తగా గీయాలి. జార్జియాలో ఆ పని శాసనసభదే. తమ సీట్ల హద్దులు తామే గీసుకుంటారు, మామూలు బిల్లులా ఓటేసి పాస్ చేస్తారు, గవర్నర్ సంతకం పెడతారు. ఆ వేసవిలో రాష్ట్రమంతా అభిప్రాయ సేకరణ సభలు పెట్టారు. అయితే అప్పటికి ఏ మ్యాపూ బయటపెట్టలేదు. ఏ గీత గురించి మాట్లాడాలో తెలియకుండానే జనం వచ్చి మాట్లాడి వెళ్ళారు. నవంబరులో ప్రత్యేక సమావేశం పెట్టి మ్యాపులు పాస్ చేశారు. డిసెంబరు 30న గవర్నర్ కెంప్ సంతకం చేశారు.

కొత్త మ్యాపులో కూడా 48 ఉంది. కానీ అది పాత 48 కాదు. మెక్‌గిన్నిస్ ఫెర్రీ రోడ్డు దాటి ఉత్తరానికి, ఫోర్సైత్ కౌంటీలోకి జరిగింది. ఫోర్సైత్ రిపబ్లికన్లకి గట్టి పట్టున్న కౌంటీ. డెమొక్రాట్లు రెండుసార్లు వరసగా గెలిచిన సీటు ఒక్క సంతకంతో రిపబ్లికన్లకి అనుకూలమైన సీటుగా మారిపోయింది. ఒక్క ఓటరు మనసు మారలేదు, ఒక్క కుటుంబం ఇల్లు మారలేదు.

తర్వాత జరిగినవి వరసగా చూడండి. మిషెల్ ఔ సెనేట్ వదిలేసి జాన్స్ క్రీక్‌లోని కింది సభ సీటు, 50వ నియోజకవర్గానికి మారారు. 2022లో అక్కడ ఆమె మీద రిపబ్లికన్ల తరఫున నిలబడింది నరేందర్ రెడ్డి, మనవాడే. ఆమె గెలిచారు. రెండేళ్ళ కిందట ఆమె మీద ఓడిన మాట్ రీవ్స్ గ్విన్నెట్‌లోని 99వ నియోజకవర్గం నుంచి అదే కింది సభకి గెలిచి వచ్చారు. ఒకే సెనేట్ సీటు కోసం తలపడిన ఇద్దరూ గీత మారేసరికి వేరే వేరే సీట్ల నుంచి ఒకే సభలో తేలారు. సెనేట్ 48కి రిపబ్లికన్ షాన్ స్టిల్ ఎన్నికయ్యారు.

2020 అధ్యక్ష ఎన్నికలప్పుడు, జార్జియాలో ట్రంప్ ఓడినా, ఆయన తరఫున ఎలక్టర్లమంటూ (రాష్ట్రం తరఫున అధ్యక్షుడికి లాంఛనంగా ఓటేసే ప్రతినిధులమంటూ) పత్రాల మీద సంతకం పెట్టిన 16 మంది జార్జియా రిపబ్లికన్లలో స్టిల్ ఒకరు, పాత సెనేటరు షేఫర్ ఇంకొకరు. 2023 ఆగస్టులో ఫుల్టన్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ ఇద్దరి మీదా అభియోగాలు మోపింది. తప్పు చేయలేదన్నది వాళ్ళ వాదన. 2025 నవంబరులో ఆ కేసు మొత్తం కొట్టేశారు. ఆ మధ్యలో, అభియోగాలు ఇంకా తల మీద ఉండగానే, 2024 ఎన్నిక వచ్చింది. జాన్స్ క్రీక్‌లో పెరిగిన తమిళ కుటుంబం అబ్బాయి, పాతికేళ్ళ అశ్విన్ రామస్వామి డెమొక్రాట్‌గా నిలబడ్డాడు. జార్జియా సెనేటర్‌కి కనీస వయసు కూడా 25 ఏళ్ళే. దేశమంతా పత్రికలు రాశాయి, మనవాళ్ళు కూడా చాలామంది ఇంటింటికీ తిరిగారు. స్టిల్ మళ్ళీ గెలిచారు. ఓటర్లు ఏ కారణంతో ఎవరికి వేశారన్నది వాళ్ళిష్టం, దాన్ని తప్పుపట్టను. కానీ 2020 నాటి హద్దుల్లో ఆ పోటీ జరిగి ఉంటే ఇది వేరే పోటీ అయ్యేదన్నది ఆ రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి చూసిన ఎవరికైనా అర్థమవుతుంది.

గీత మీద పోరాటం కొత్తది కాదు

ఇదంతా ఒక పార్టీ దుర్మార్గం అనుకుంటే పొరపాటు. 2001లో జార్జియాలో అధికారం డెమొక్రాట్లది. నియోజకవర్గాల మధ్య జనాభాలో మొత్తమ్మీద 10 శాతం దాకా తేడా ఉన్నా కోర్టులు పట్టించుకోవన్న నమ్మకంతో, తేడాని 9.98 శాతం దగ్గర ఆపి, తమ సీట్లలో జనాన్ని తక్కువగా, ఎదుటివాళ్ళ సీట్లలో ఎక్కువగా కుక్కి మ్యాపు గీశారు. 2004లో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టు సమర్థించింది. కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఇదే చేశారు.

ఇంకా వెనక్కి వెళ్తే జార్జియా చరిత్ర మరీ ఘోరం. 1960ల మొదటిదాకా పార్టీ ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ముందస్తు ఎన్నికల్లో) మనిషికో ఓటు అన్న లెక్క లేదు. కౌంటీలో గెలిచినవాళ్ళకి పోయేలా, కౌంటీకి ఇన్ని యూనిట్లని ఉండేవి. 159 కౌంటీల్లో పెద్దవి ఎనిమిదింటికి ఆరేసి, తర్వాతి 30కి నాలుగేసి, మిగిలిన 121 కౌంటీలకి రెండేసి. ఫుల్టన్ కౌంటీలో అప్పుడు 5,56,326 మంది ఉంటే వాళ్ళకి 6 యూనిట్లు. దక్షిణాన ఎకోల్స్ కౌంటీలో 1,876 మంది ఉంటే వాళ్ళకి 2. అంటే అలాంటి బుల్లి కౌంటీలు మూడు కలిస్తే అట్లాంటా నగరమున్న కౌంటీకి సమానం. నల్లజాతి ఓటర్లు, నగర ఓటర్లు ఎంతమంది పెరిగినా ఫలితం మారకుండా కాపాడిన కంచె అది. 1963 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని చెల్లదంది. 'ఒక మనిషికి ఒక ఓటు' అన్న మాట అమెరికా రాజ్యాంగ న్యాయంలో స్థిరపడింది ఈ జార్జియా కేసుతోనే. మరుసటి ఏడాది అలబామా కేసులో, రాష్ట్రాల రెండు సభలకూ నియోజకవర్గాలు జనాభా ప్రకారమే ఉండాలని తేల్చారు. శాసనసభ్యులు ప్రాతినిధ్యం వహించేది మనుషులకి గాని, చెట్లకో ఎకరాలకో కాదని ప్రధాన న్యాయమూర్తి వారెన్ రాశారు.

జార్జియా సెనేట్ కథ అంతకు రెండేళ్ళ ముందే మలుపు తిరిగింది. అప్పటిదాకా మూడేసి కౌంటీలు కలిపి ఒక నియోజకవర్గం. సెనేటర్ పదవి ఆ కౌంటీల మధ్య వంతులవారీగా తిరిగేది, ఒకసారి ఈ కౌంటీ మనిషి, ఇంకోసారి పక్క కౌంటీ మనిషి. 1962లో కోర్టు ఒత్తిడితో సెనేట్ హద్దుల్ని జనాభా ప్రకారం తిరగ్గీశారు. దానితో ప్లెయిన్స్ అనే పల్లెలో వేరుశనగ వ్యాపారం చేసుకునే ఒకాయన, వంతుల బెడద పోయింది గదా అని, కొత్త 14వ సెనేట్ నియోజకవర్గానికి నిలబడ్డాడు. పేరు జిమ్మీ కార్టర్.

ఆ ఎన్నికలో క్విట్మన్ అనే చిన్న కౌంటీలో జో హర్స్ట్ అనే స్థానిక పెద్దమనిషి బల్ల దగ్గరే నిలబడి, వచ్చిన ప్రతివాడికీ ఎవరికి వేయాలో చెప్పాడు. ఓటేసినవాళ్ళు 333 మంది, పెట్టెలో తేలిన బ్యాలెట్లు 420. తొలి లెక్కలో కార్టర్ ఓడిపోయాడు. ఊరుకోలేదు. లాయర్‌ని పెట్టుకుని, అట్లాంటా పత్రికా విలేఖరిని రప్పించి, కోర్టుకెక్కాడు. ఆ పెట్టెలోని ఓట్లు చెల్లవన్నారు. 1963 జనవరిలో సెనేటర్‌గా ప్రమాణం చేశాడు. పద్నాలుగేళ్ళ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. కోర్టు ఒత్తిడితో మారిన హద్దులే ఆయనకి దారి ఇచ్చాయి.

ఇంత జరిగాక కూడా పార్టీ లాభం కోసం హద్దులు వంచడాన్ని ఆపే దారి ఫెడరల్ కోర్టుల్లో లేదు. అది రాజకీయ ప్రశ్న, మేం తేల్చలేమని సుప్రీంకోర్టు 2019లో 5–4 తేడాతో చెప్పేసింది. జాతి ఆధారంగా నల్లజాతి ఓటర్ల బలం పలచబడితే మాత్రం 1965 నాటి ఓటుహక్కుల చట్టం కింద కేసు వేసే దారి వేరే ఉంటూ వచ్చింది. 2023 అక్టోబరులో ఫెడరల్ జడ్జి స్టీవ్ జోన్స్ ఆ చట్టం కిందనే జార్జియా మ్యాపుల్ని తప్పుపట్టి, నల్లజాతివాళ్ళు మెజారిటీగా ఉండే సెనేట్ నియోజకవర్గాలు మరో రెండు, కింది సభవి అయిదు గీయమన్నారు. డిసెంబరులో మళ్ళీ గీశారు. ఆ కేసుల్లో కోర్టు అడుగుతూ వచ్చిన మొదటి ప్రశ్న, ఒకేచోట ఒద్దికగా ఉండి ఆ వర్గం ఒక నియోజకవర్గంలో సగానికి మించగలదా అని. భారతీయులం ఏ ఒక్క సెనేట్ నియోజకవర్గంలోనూ సగానికి దగ్గర్లో కూడా లేం. కాబట్టి ఆ గొడుగు మన తల మీదికి రాదు.

మన దగ్గర ఈ పని ఎలా జరుగుతుందో పోల్చి చూసుకోవాలి. 2009 ఎన్నికలకి ముందు ఆంధ్రప్రదేశ్‌లో నియోజకవర్గాలు మారినప్పుడు గీసింది ఎమ్మెల్యేలు కాదు, సుప్రీంకోర్టు రిటైర్డ్ న్యాయమూర్తి జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన డీలిమిటేషన్ కమిషన్. ఎమ్మెల్యేలు, ఎంపీలు సహాయ సభ్యులుగా కూర్చున్నారు గాని వాళ్ళకి ఓటు లేదు. మన వ్యవస్థలో ఎన్ని లోపాలున్నా, ఈ ఒక్కటీ జార్జియా కంటే మేలైన ఏర్పాటని నా గట్టి నమ్మకం.

నాలుగిళ్ళ లెక్క

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 2020లో జార్జియా జనాభా 1,07,11,908. 56తో భాగిస్తే ఒక్కో సెనేట్ నియోజకవర్గానికి సుమారు 1,91,284 మంది. ఇక్కడ ఓటర్లని కాదు, మనుషుల్ని లెక్కిస్తారు. పిల్లలు, గ్రీన్‌కార్డువాళ్ళు, హెచ్1బీ ఉద్యోగులు, ఎఫ్1 విద్యార్థులు, అందరూ.

మెక్‌గిన్నిస్ ఫెర్రీ పక్కన ఒక సబ్‌డివిజన్, అందులో వరసగా నాలుగిళ్ళు ఊహించుకోండి. మొదటింట్లో హెచ్1బీ మీద భర్త, హెచ్4 మీద భార్య, ఇక్కడే పుట్టిన నాలుగేళ్ళ పాప. ఆర్నెల్లకని గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య. రెండో ఇంట్లో గ్రీన్‌కార్డు వచ్చిన దంపతులు, ఇద్దరు చిన్న పిల్లలు. మూడో ఇంట్లో పౌరసత్వం తీసుకున్న దంపతులు, పదో తరగతి చదివే కొడుకు. వాళ్ళ పెద్దమ్మాయికి పంతొమ్మిదేళ్ళు, జార్జియాలోనే ఉన్న ఏథెన్స్‌లో యూనివర్సిటీ హాస్టల్లో ఉంటుంది. నాలుగోది అద్దె టౌన్‌హోమ్, అయిదుగురు బ్యాచిలర్లు, ఇద్దరు ఓపీటీ (చదువయ్యాక విద్యార్థులకి దొరికే పని అనుమతి), ముగ్గురు హెచ్1బీ.

జనాభా లెక్కలో మొదటింటికి ముగ్గురు. అమ్మమ్మ తాతయ్యలది చుట్టపుచూపు కాబట్టి లెక్కలోకి రారు. రెండో ఇంటికి నలుగురు. మూడో ఇంటికి ముగ్గురు, ఎందుకంటే పెద్దమ్మాయిని ఏథెన్స్‌లోనే లెక్కేస్తారు. నాలుగో ఇంటికి అయిదుగురు. మొత్తం పదిహేను మంది. ఓట్లెన్ని? మూడు. అమ్మానాన్నలవి రెండు, పెద్దమ్మాయిది ఒకటి. అదీ ఆమె అమ్మానాన్నల చిరునామా మీదే నమోదై, మర్చిపోకుండా మెయిల్లో బ్యాలెట్టు తెప్పించుకుంటేనే. ఆమెని మనిషిగా ఏథెన్స్‌లో లెక్కేశారు, ఓటు మాత్రం ఇక్కడ ఉంది.

ఇది న్యాయమేనా అని కొందరు కోర్టుకి వెళ్ళారు కూడా. టెక్సాస్ స్టేట్ సెనేట్ మ్యాపు మీద ఇద్దరు ఓటర్లు కేసు వేశారు. ఓటర్లు తక్కువ ఉన్న నియోజకవర్గంలో ఒక్కో ఓటుకి విలువ ఎక్కువైపోతోంది, అర్హులైన ఓటర్లని మాత్రమే లెక్కించి సమానంగా పంచమన్నారు. 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 8–0తో ఆ వాదన కొట్టేసింది. ఓటు లేనివాళ్ళకీ స్కూళ్ళు కావాలి, ప్రభుత్వంతో పనులుంటాయి, వాళ్ళకీ ప్రతినిధి జవాబుదారే అన్నది జస్టిస్ గిన్స్‌బర్గ్ రాసిన తీర్పు సారం. అయితే ఏదైనా రాష్ట్రం తనంతట తాను ఓటర్ల లెక్కనే పాటిస్తానంటే కుదురుతుందా అన్నది ఆ తీర్పు తేల్చకుండా వదిలేసింది. ఆ ప్రశ్న మళ్ళీ లేస్తే మొట్టమొదట కుంగేది మన నాలుగిళ్ళ లాంటి వీధులే.

ఈ తీర్పులో మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సినది ఒకటుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు కూడా ఆ సెనేటర్ పరిధిలోని మనుషులే. ఉత్తరం రాయొచ్చు, ఆఫీసుకి ఫోన్ చేయొచ్చు, బిల్లు మీద కమిటీ ముందు మాట్లాడొచ్చు. "మనకి ఓటు లేదుగా" అని నోరు కట్టుకోనక్కర్లేదు. హోప్ స్కాలర్‌షిప్ నిబంధన గురించి హెచ్4 పిల్ల తల్లి వెళ్ళి మాట్లాడితే ఆ మాటకుండే బరువు వేరే ఎవరు మాట్లాడినా రాదు.

చేయకూడనివి కూడా తెలియాలి. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. పౌరులు కానివాళ్ళు దానికి పొరపాటున ఔనంటే తర్వాత గ్రీన్‌కార్డుకీ పౌరసత్వానికీ పెద్ద గండం. అలాగే అభ్యర్థులకి విరాళాలు. గ్రీన్‌కార్డువాళ్ళు ఇవ్వొచ్చు. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళు ఏ స్థాయి ఎన్నికకైనా ఒక్క డాలరు ఇవ్వకూడదు, అది ఫెడరల్ చట్టం. ఫ్రెండు పిలిచాడు కదా అని ఫండ్‌రైజర్ డిన్నర్లో కార్డు గీకేముందు ఇది గుర్తుండాలి.

ఓటున్నవాళ్ళకి చెప్పేది ఒక్కటే, మే నెలని వదలొద్దు. జార్జియాలో పార్టీ పేరుతో నమోదు ఉండదు. ప్రైమరీ రోజు ఏ పార్టీ బ్యాలెట్టు అడిగితే అది ఇస్తారు. ఒక పార్టీకి ఖాయమైన సీటైతే అసలు నిర్ణయం అప్పుడే అయిపోతుంది. ఎవరికీ సగం దాటకపోతే నాలుగు వారాల్లో రెండో విడత, దానికి వచ్చే జనం ఇంకా తక్కువ. వెళ్ళినవాడి ఓటుకి అప్పుడు బలం ఎక్కువ. నవంబరు బ్యాలెట్టులో స్టేట్ సెనేట్ పేరు చాలా కిందికి ఉంటుంది. పెద్ద పదవులకి నొక్కేసి, తెలియని పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఖాళీగా వదిలేసి ప్రింటు తీసుకునేవాళ్ళు ఎంతోమంది. ఓటేశాక ఇచ్చే పీచుపండు బొమ్మ స్టిక్కరు చొక్కాకి అంటించుకుని బయటికి వచ్చి ఫోటో పెట్టేవాళ్ళలో కూడా.

హైదరాబాదు నుంచి స్టేట్స్‌బరో మీదుగా

గీత గీసే చేయి మారితే ఏమవుతుందో వర్జీనియాలో చూడొచ్చు. అక్కడి ఓటర్లు 2020లో రాజ్యాంగ సవరణ చేసి, ఎనిమిది మంది శాసనసభ్యులు, ఎనిమిది మంది మామూలు పౌరులు ఉండే కమిషన్ పెట్టుకున్నారు. కమిషన్ రెండుగా చీలి చేతులెత్తేసింది. దాంతో పని రాష్ట్ర సుప్రీంకోర్టుకి వెళ్ళింది. కోర్టు ఇద్దరు నిపుణుల్ని పెట్టింది, ఒకరు డెమొక్రాట్లు సూచించినవారు, ఇంకొకరు రిపబ్లికన్లు సూచించినవారు. సిట్టింగ్ సెనేటర్ల ఇళ్ళు ఎక్కడున్నాయన్నది వాళ్ళు పట్టించుకోలేదు. 40 సీట్ల సెనేట్‌లో పాతకాపులు చాలామంది ఒకే నియోజకవర్గంలో ఇద్దరేసి చిక్కుకున్నారు. కొందరు రిటైరయ్యారు, కొత్తవాళ్ళకి చోటు దొరికింది.

గజాలా హష్మీ ఆ మ్యాపుకి ముందే వర్జీనియా సెనేట్‌కి వచ్చిన మనిషి. 1964లో హైదరాబాదులో పుట్టారు. నాలుగేళ్ళ వయసులో అమెరికా వచ్చారు. పెరిగింది మన జార్జియాలోనే, స్టేట్స్‌బరో అనే చిన్న ఊళ్ళో. అట్లాంటాలోని ఎమరీలో పీహెచ్‌డీ చేశారు. రిచ్‌మండ్ దగ్గర కాలేజీలో పాఠాలు చెబుతూ, 2019లో 10వ సెనేట్ నియోజకవర్గంలో సిట్టింగ్ రిపబ్లికన్‌ని ఓడించారు. 2021లో గీతలు మారాక ఆమె నియోజకవర్గం 15వది అయింది, 2023లో అక్కడా గెలిచారు. 2025 నవంబరులో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. వర్జీనియాలో సెనేట్‌కి అధ్యక్షత వహించేది ఆ పదవిలో ఉన్నవాళ్ళే. ఆమె చిన్నతనం గడిచిన రాష్ట్రంలో మిషెల్ ఔకి మొదటి గీత మార్పుతోనే సెనేట్ తలుపు మూసుకుపోయింది. ప్రతిభ ఇద్దరిలోనూ ఉంది. నేల ఒకరికి నిలిచింది, ఒకరికి జారింది.

ఫోర్సైత్ గురించి ఒక మాట చెప్పకుండా ముగించలేను. 1912లో ఆ కౌంటీలోని నల్లజాతివాళ్ళని, సుమారు వెయ్యి మందికి పైగా మనుషుల్ని, బెదిరించి, ఇళ్ళు తగలబెట్టి వెళ్ళగొట్టారు. దశాబ్దాల పాటు అది తెల్లవాళ్ళ కౌంటీగానే ఉండిపోయింది. 1987లో సమానత్వం కోసం అక్కడ ఊరేగింపు చేసినవాళ్ళ మీద రాళ్ళు పడ్డాయి. ఈ రోజు అదే నేల మీద మనం గృహప్రవేశాలు చేసుకుంటున్నాం, బతుకమ్మ ఆడుకుంటున్నాం. మనం రావడానికి వీలుగా తలుపు తెరిపించినవాళ్ళు ఆ రాళ్ళు తిన్నవాళ్ళు. నియోజకవర్గం మ్యాపు చూసినప్పుడల్లా నాకు ముందుగా వాళ్ళే గుర్తొస్తారు.

మళ్ళీ లెక్కపెట్టేది 2030 ఏప్రిల్ 1న. నాలుగో ఇంటి అయిదుగురు బ్యాచిలర్లలో ఫారం నింపేవాడు తన పేరూ, లీజు మీదున్న ఇంకొకడి పేరూ రాసి ఊరుకుంటే, ముగ్గురు మనుషులు పదేళ్ళపాటు జార్జియాలో లేనట్టే. ప్రాజెక్టు దొరక్క బెంచ్ మీద ఉన్నవాడైనా, కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో ఉన్నవాడైనా ఆ రోజుకి ఎక్కువకాలం ఎక్కడ ఉంటున్నాడో అక్కడ పేరు పడాలి. వీసా ఏమిటని ఆ ఫారం 2020లో అడగలేదు. 2031లో మళ్ళీ అభిప్రాయ సేకరణ సభలు జరిగితే ఒక్కొక్కరికి దొరికేది నిమిషాల లెక్కన సమయం. అప్పటికి మొదటింటి పాపకి తొమ్మిదో పదో ఏళ్ళు ఉంటాయి, రెండో ఇంటివాళ్ళు పౌరులై ఉంటారు. మెక్‌గిన్నిస్ ఫెర్రీకి ఇటూ అటూ ఉన్నది ఒకే గుడికి, ఒకే సంతకి, ఒకే ఆసుపత్రికి వెళ్ళే జనమని, రోడ్డు మధ్యలోంచి గీత లాగొద్దని చెప్పడానికి ఆ నాలుగిళ్ళలోంచి ఒక్కరైనా ఆ మైకు ముందుకి వెళ్ళాలి. గీసేవాళ్ళకి మన సందు పేరు తెలియదు. మనమే చెప్పాలి.